మెట్రో పనులు మొదలయ్యేలోపు అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఏమేం చెప్పాలి?

అందరికీ నమస్కారం. బెంగళూరు నాగరభావి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఉంటుంది మా అపార్ట్‌మెంట్. జేపీ నగర్ నుంచి కెంపాపుర దాకా 32 కిలోమీటర్ల లైను ఉన్న మెట్రో మూడో దశకు 2024 ఆగస్టులో కేంద్రం ఓకే చెప్పింది కదా, ఆ లైను మా ముందు నుంచే.

ఈసారి అసోసియేషన్ సెక్రటరీ పని నా నెత్తిన పడింది. పనుల గురించి తెలుగులోనూ ఒక నోటీసు పెట్టమన్నారు, సగం ఇళ్లు అనంతపురం, చిత్తూరు వాళ్లవే మరి. ముందే భయపెడితే అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తారని ఓనర్ల టెన్షన్.

లిఫ్ట్ పక్క గోడకు ఇప్పటికే వెంట్రుకంత పగులు ఉంది. రెండో అంతస్తు తాతగారు దాని చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశారు. అప్పుడు నవ్వాం గానీ, అదే సరైన పనేమో! ప్రతి ఇంట్లో ఇప్పుడే ఫొటోలు తీసి పెట్టుకోమని రాయనా?

సిల్క్ బోర్డ్, కేఆర్ పురం మధ్య మెట్రో స్తంభాలు లేస్తున్నప్పుడు అక్కడ ఉన్నవాళ్లెవరైనా చెప్పండి. నీళ్ల ట్యాంకర్, స్కూల్ బస్సు ఎక్కడ ఆపించారు? రాత్రి మోత భరించలేకపోతే ఎవరికి ఫోన్ చేశారు? మీ పాత నోటీసు ఉంటే, పేర్లు కొట్టేసి ఫొటో పెట్టండి.