పిచ్చుక ‘లీస్ట్ కన్సర్న్’ అట, మరి మా వీధిలో ఒక్కటీ లేదేంటి?

బోడుప్పల్ నాన్న: మా పాప ఏడో తరగతి, అంతరించిపోతున్న జీవుల మీద చార్టు చేయమన్నారు. ముందు పిచ్చుక బొమ్మ అతికించాం, నా చిన్నప్పుడు పెంకుటింటి దూలం మీద గూడు కట్టి కింద తింటుంటే కంచంలోకి గడ్డిపరకలు రాల్చేవి, ఇప్పుడు చూద్దామన్నా లేవు కదా అని. టీచర్ కొట్టేసి ‘లీస్ట్ కన్సర్న్’ అని రాసి పంపారు. ఇదెవరు తేలుస్తారండీ, ఏ లెక్కన?

పక్షుల పిచ్చోడు: టీచర్ రాసింది కరెక్టే అన్నా, లీస్ట్ కన్సర్న్ అంటే ఇప్పటికి పెద్ద ముప్పు లేదని. తేల్చేది ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ, ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే రెడ్ లిస్ట్‌ను 1964 నుంచి నడుపుతోంది. వాళ్లు చూసేది ప్రపంచం మొత్తాన్ని, బోడుప్పల్‌ను కాదు. పైగా ఎన్ని మిగిలాయన్నదే కాదు, ఎంత వేగంగా తగ్గుతున్నాయో కూడా చూస్తారు. పదేళ్లు లేదా మూడు తరాలు, ఏది ఎక్కువైతే ఆ కాలంలో మామూలుగా 30 శాతం పడిపోతే వల్నరబుల్ (ముప్పు మొదలైంది), 50 అయితే ఎండేంజర్డ్ (పెద్ద ముప్పు), 80 అయితే క్రిటికల్లీ ఎండేంజర్డ్ (అంతరించే అంచున). రాబందులే చూడండి, ఊరి బయట గొడ్డు చచ్చిందంటే గుంపులుగా దిగేవి, అవి పోతాయని ఎవరనుకున్నారు? పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఆ కళేబరాల్లో ఉండిపోయి, తిన్న రాబందుల కిడ్నీలు దెబ్బతిన్నాయి. తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి, 2000లో క్రిటికల్లీ ఎండేంజర్డ్‌లో చేర్చారు.

గుత్తి పిల్ల: పిచ్చుక తీసేసి మా ఊరి సాలీడును అతికించండి 😄 అచ్చం నెమలి మెడ రంగు. 1899లో గుత్తి పేరుతో లోకానికి తెలిసింది, తర్వాత వందేళ్లు జాడే లేదు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. ఎన్ని ఉన్నాయో లెక్క లేదు, అయినా క్రిటికల్లీ ఎండేంజర్డే, ఎందుకంటే అది ఉండే చోటు 100 చదరపు కిలోమీటర్ల లోపే, ఆ చెట్లనూ కొట్టేస్తున్నారు. అంటే తగ్గుదల ఒక్కటే కాదు, చోటు ఇరుకైనా లిస్టులో పడుతుంది.

బోడుప్పల్ నాన్న: మరి కేబీఆర్ పార్కు నెమలి? షెడ్యూల్ 1 అంటున్నారుగా.

పక్షుల పిచ్చోడు: షెడ్యూల్ 1 అన్నది మన 1972 వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా, వేటాడితే జైలే. రెడ్ లిస్ట్‌లో మాత్రం నెమలి కూడా లీస్ట్ కన్సర్నే. రెండూ కలపకండి, సగం మంది గందరగోళం అక్కడే. ఇంకోటి, ఏ దేశానికి ఆ దేశం విడిగా లిస్టు వేసుకోవచ్చు, బ్రిటన్ వాళ్ల పక్షుల ఎర్ర జాబితాలో పిచ్చుక ఉంది.

బోడుప్పల్ నాన్న: ఈ చివరి ముక్క పాపకు చెప్పాను. పిచ్చుక తీయదట, కింద ‘బ్రిటన్‌లో, మా వీధిలో’ అని రాస్తోంది.