కిలోకి 30 ఎంఎల్ సెలైన్: సెప్టిక్ షాక్‌లో అందరికీ ఎక్కించాల్సిందేనా?

క్యాజువాలిటీ డ్యూటీ:
సెప్టిక్ షాక్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోవడం) కేసు రాగానే మొదటి మూడు గంటల్లో బరువులో కిలోకి 30 ఎంఎల్ సెలైన్ ఎక్కించమంటుంది సర్వైవింగ్ సెప్సిస్ అనే అంతర్జాతీయ గైడ్‌లైన్. 60 కిలోల మనిషికి 1,800 ఎంఎల్, మూడున్నర బాటిళ్ల పైమాటే. మాది వెంటిలేటర్ లేని ఆసుపత్రి. ఆయాసంతో వచ్చిన ముసలాయనకీ ఇదే లెక్కా?

నాడిపట్టు:
ఎక్కించండి డాక్టర్ గారూ. ఈమధ్య అందరికీ సెలైన్ అంటే భయం పట్టుకుంది. అమెరికాలో సెప్సిస్‌తో బీపీ పడిపోయిన 1,563 మందితో జరిగిన క్లోవర్స్ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. ఇంటికి వెళ్లకముందే 90 రోజుల్లోపు చనిపోయినవాళ్లు ఫ్లూయిడ్స్ (సెలైన్ లాంటివి) తగ్గించిన గ్రూపులో 14.0 శాతం, ధారాళంగా ఇచ్చిన గ్రూపులో 14.9 శాతం. తేడా ఏదీ?

ఐసీయూ రెసిడెంట్:
సార్, ఆ ట్రయల్‌లో చేరేసరికే వాళ్లకు లీటరు నుంచి మూడు లీటర్ల దాకా ఎక్కేసింది. పైగా ఊపిరితిత్తుల్లో నీరు చేరితే అక్కడ వెంటిలేటర్ పక్కనే ఉంటుంది. ఈయన అడిగింది అది లేనిచోటు గురించి. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జరిగి 2011లో ఫలితాలు వచ్చిన ఫీస్ట్ ట్రయల్ చూడండి. జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన పిల్లలకు సెలైన్ బోలస్ (ఒక్కసారిగా వేగంగా ఎక్కించడం) ఇస్తే 48 గంటల్లో 10.5 శాతం చనిపోయారు, ఇవ్వకపోతే 7.3 శాతం. పెద్దవాళ్లలో, జాంబియాలోని లుసాకాలో జరిగిన ట్రయల్‌లో కూడా ఫ్లూయిడ్స్ ఎక్కువిచ్చిన గ్రూపులోనే మరణాలు ఎక్కువ.

నాడిపట్టు:
లుసాకా పేషెంట్లలో ఎక్కువమంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు. ఫీస్ట్‌లో చాలామందికి మలేరియా. వాటిని తెచ్చి మన వార్డుకి అతికిస్తే ఎలా? బీపీ 70 ఉంటే చేతులు కట్టుకుని కూర్చోమంటారా?

ఐసీయూ రెసిడెంట్:
కూర్చోమనలేదు సార్. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) కోసం ఆగకుండా చేతి సిరలోంచే బీపీ పెంచే నారడ్రినలిన్ మొదలుపెట్టమంటున్నా. 2021 గైడ్‌లైన్ దానికి ఒప్పుకుంది, 30 ఎంఎల్‌ని బలహీన సిఫారసుకు దించింది కూడా. నేనైతే 250 ఎంఎల్ చొప్పున ఇస్తూ, ప్రతిసారీ బెడ్ దగ్గరికెళ్లి చూస్తా. వేలి కొసను గాజు స్లైడుతో తెల్లబడేదాకా నొక్కి, 10 సెకన్లు ఉంచి వదలాలి. రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటిందంటే, మానిటర్‌లో బీపీ ఎంత చూపించినా రక్తం కొసలదాకా అందట్లేదన్నమాటే. ఇక ఛాతీలో గురగుర వినిపిస్తే బాటిల్ ఆపేయడమే.

స్టాఫ్ నర్స్:
వేలు నొక్కి చూడటం మేం చేస్తాం సార్, అదేం పెద్ద పని కాదు. నారడ్రినలిన్ సిర బయటికి కారితే చర్మం నల్లబడి చచ్చిపోతుంది, దాని సంగతేంటి? రాత్రిపూట వార్డు మొత్తానికి ఇద్దరం. మందును కొలిచి ఎక్కించే సిరంజి పంపు లేకుండా చుక్కలు లెక్కపెట్టి నడపమంటారా?

క్యాజువాలిటీ డ్యూటీ:
మా దగ్గర పంపు ఒకటే ఉంది సిస్టర్. అది ఖాళీ లేనప్పుడు మాకు మిగిలేది సెలైనే.