స్పోక్ చక్రాలు ఉంచుకోనా, అల్లాయ్‌కి మారనా?

అందరికీ నమస్కారం. నాది 350 సీసీ బండి, రెండూ స్పోక్ చక్రాలే, లోపల ట్యూబులు. పోయిన నెల చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే వెనక టైరులో మేకు దిగింది. చూస్తుండగానే గాలంతా పోయి బండి పాములా మెలికలు తిరిగింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. చివరికి ఒక ట్రాలీ ఆటో అతను దయతలిచి ఎక్కించుకున్నాడు. చక్రం విప్పి ట్యూబ్ మార్చేసరికి చీకటి పడింది. అదే అల్లాయ్ చక్రం (స్పోకులు లేకుండా ఒకే ముక్కగా పోతపోసినది), దానికి లోపల ట్యూబ్ అక్కర్లేని ట్యూబ్‌లెస్ టైరు అయితే మేకు పీకి, రబ్బరు పుల్ల దూర్చి, గాలి కొట్టుకుని వెళ్లిపోయేవాణ్ణి.

పైగా ఆ రోజే చూశాను, నాలుగు స్పోకులు వదులు. వేలితో మీటితే మిగతావి టింగుమంటున్నాయి, ఇవి టప్‌మంటున్నాయి. తుప్పు సంగతి సరేసరి.

కానీ మా రోడ్డు గుంతల్లో అల్లాయ్ పగిలితే మొత్తం మార్చాల్సిందే అంటారు. స్పోక్ రిమ్ సొట్టపడినా లాగి సరిచేస్తారు కదా.

స్పోకుల రంధ్రాలు లోపల టేపుతో మూసి ట్యూబ్‌లెస్‌గా వాడుతున్నవాళ్లు ఉన్నారా? గాలి తగ్గితే టైరు అంచు రిమ్ మీంచి జారుతుందేమోనని నా టెన్షన్. ట్యూబులో పోసే సీలెంట్ (రంధ్రం పూడ్చే ద్రవం) మేకు దిగితే గాలి పోకుండా నిజంగా ఆపుతుందా? స్పోకులు ఎన్ని కిలోమీటర్లకోసారి బిగిస్తున్నారు? వాడినవాళ్లే చెప్పండి, ప్లీజ్.