పదో తరగతిలో ‘శక్తి వనరులు’ పాఠం తిరిగి రావాలా?

భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, అనంతపురం ప్రాంతం

ఎన్‌సీఈఆర్‌టీ 2023లో ముద్రించిన పదో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకంలో ‘శక్తి వనరులు’, ‘సహజ వనరుల సుస్థిర నిర్వహణ’ అనే రెండు పాఠాలు కనిపించవు. కోవిడ్ నేపథ్యంలో విద్యార్థులపై భారం తగ్గించడానికే తీసివేశామని అప్పట్లో వివరణ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఆ పుస్తకాలే కనుక, రామగిరి కొండల మీది గాలిమరలను చూస్తూ పెరిగిన పిల్లలకు కూడా వాటిని గురించిన పాఠం లేకుండా పోయింది. ఆ పాఠం తిరిగి రావాలని, అదీ మార్కులతో సహా రావాలని నా వాదన. మార్కులు లేని పాఠాన్ని జనవరి దాటాక ఎవరూ తెరవరన్న సంగతి ఇక్కడి ఉపాధ్యాయులందరికీ తెలిసిందే. కాదనేవారు కారణాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు

మాస్టారూ, మీ బాధ న్యాయమైనదే గాని, మీరు వెనక్కి అడుగుతున్నది అడగవలసినది కాదు. ఆ పాఠాన్ని నేను ఏళ్ల తరబడి చెప్పాను. లాభాలు మూడు, నష్టాలు మూడు. గాలి వేగం గంటకు 15 కిలోమీటర్లకు మించాలన్న వాక్యం బిట్ పేపర్‌కు. అంతకుమించి పిల్లల బుర్రలోకి వెళ్లినదేమీ నాకు కనబడలేదు.

అదే సవరణలో విద్యుదయస్కాంత ప్రేరణ, మోటారు, జనరేటర్ కూడా పోయాయి. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. బొగ్గును మండించినా, శ్రీశైలంలో నీటిని వదిలినా, పరమాణు కేంద్రకాన్ని చీల్చినా, రామగిరిలో గాలి వీచినా చివరకు జరిగేది ఒక్కటే: తీగచుట్టకూ అయస్కాంతానికీ మధ్య కదలికను కల్పించడం. సౌర పలక ఒక్కటే ఆ కుటుంబానికి బయటిది. ఈ సంగతి తెలిసిన విద్యార్థి శక్తి వనరుల పాఠంలో సగం తానే రాసుకోగలడు. తెలియని విద్యార్థికి ఆ పాఠం మొత్తం అప్పజెప్పినా అది పేర్ల పట్టికగానే మిగులుతుంది. కనుక ముందు జనరేటర్‌ను అడుగుదాం.

థర్మల్ కేంద్రం ఇంజనీరు, గోదావరిఖని

మా అమ్మాయి బడిలో పర్యావరణ దినోత్సవానికి వేసిన బొమ్మలో పొగగొట్టానికి రాక్షసుడి ముఖం ఉంది. ఆ రంగుపెన్సిళ్లు పొగగొట్టం కింద సంపాదించిన జీతంతో కొన్నవే, అది వేరే సంగతి. నా అభ్యంతరం బొమ్మ మీద కాదు, లెక్క లేకపోవడం మీద.

రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయం మీద సుమారు 500 ఎకరాల్లో తేలే సౌర కేంద్రం ఉంది. 2022లో పూర్తయిన దాని సామర్థ్యం 100 మెగావాట్లు. ఆ పక్కనే బొగ్గుతో నడిచే 200 మెగావాట్ల యూనిట్లున్నాయి. రెండోది మొదటిదానికి రెట్టింపు అని ఏ విద్యార్థి అయినా చెబుతాడు. కాని రాత్రిళ్లను, మబ్బులను లెక్కలోకి తీసుకుంటే సౌర కేంద్రం నుంచి రోజుకు వచ్చేది నాలుగైదు లక్షల యూనిట్లు; బొగ్గు యూనిట్ రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 48 లక్షలు. కిలోవాట్‌కూ (సామర్థ్యం) కిలోవాట్-గంటకూ (వచ్చిన విద్యుత్తు, అంటే ఒక యూనిట్) తేడా తెలియనంతకాలం సౌరవిద్యుత్తును మెచ్చుకునేవారి మాటకూ, తిట్టేవారి మాటకూ విలువ ఉండదు. బొగ్గు మంచిదని నేను అనడం లేదు. బొగ్గుతో తీసే ఒక్క యూనిట్ విద్యుత్తుకు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందన్నది కూడా అదే లెక్కల పుస్తకంలో ఉండాలి.

సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, కర్నూలు

మీ ముగ్గురి చర్చలోనూ భూమి ఊసే లేదు. మా ఉమ్మడి కర్నూలు జిల్లాలోని గని–శకునాల సోలార్ పార్కు 1,000 మెగావాట్లది, సుమారు 6 వేల ఎకరాలలో ఉంది. కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే పావగడలో 2,050 మెగావాట్ల పార్కుకు భూమిని కొనకుండా, ఎకరానికి ఏటా 21 వేల రూపాయలతో మొదలుపెట్టి రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. పొలం ఉన్నవారికి కౌలు ముడుతుంది. ఆ పొలాల్లో కలుపు తీసి బతికినవారి సంగతేమిటి? ఇది భౌతికశాస్త్రం పీరియడ్‌లో తేలే ప్రశ్న కాదు. పాఠం వస్తే ఇద్దరు ఉపాధ్యాయులు పంచుకుని చెప్పేదిగా రావాలి.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, అనంతపురం ప్రాంతం

జనరేటర్ విషయంలో పెద్దాయన మాట ఒప్పుకుంటున్నాను. నేనే ముందుగా చూడవలసింది. అయినా సౌర పలకను పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. ఒంటిపూట బడుల రోజుల్లో, బడి విడిచే వేళకు, 12 వోల్టుల బ్యాటరీని చార్జ్ చేసే చిన్న పలకను ఎండలో పెట్టి మల్టీమీటర్ తగిలించాము. ఎండ ఎక్కువైతే వోల్టేజీ పెరుగుతుందని పిల్లలందరూ ముందే ఊహించి రాసుకున్నారు. కాని పలక వెనుక తడిగుడ్డ వేసి చల్లబరచగా 19 వోల్టుల దగ్గరున్న రీడింగ్ 20 దాటింది. వేడెక్కితే పలక సామర్థ్యం తగ్గుతుందని, మన రాయలసీమ ఎండ దానికి వరమూ శాపమూ కూడానని వాళ్లే తేల్చుకున్నారు. మేడమ్ అన్నట్టు పంచుకోవడానికి నేను సిద్ధమే, మా బడిలో సాంఘికశాస్త్రం పోస్టు భర్తీ అయితే.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు

ప్రయోగం బాగుంది మాస్టారూ. అయితే జనరేటర్‌కు, మీ తడిగుడ్డకు, మేడమ్ గారి భూమికి కలిపి పది పన్నెండు పీరియడ్లయినా కావాలి. వాటిని ఏ పాఠం నుంచి తీస్తారో కూడా రాయండి.