‘ఎక్స్‌క్లూడ్’కి తెలుగులో ఒక్క మాట సరిపోతుందా?

ఆదివారం పొద్దున చిక్కడపల్లిలో మా ఇంటి వరండాలో నేనూ మా అమ్మాయీ ఇంగ్లిష్ పేపర్లో పజిల్ పూరిస్తుంటాం. తను తొమ్మిదో తరగతి. మొన్న ‘ఎక్స్‌క్లూడ్’ అని ఆధారం ఇచ్చి అయిదు గళ్ళు ఇచ్చారు. తను ‘ఎక్స్‌పెల్’ అంది, నేను ‘డిబార్’ అన్నాను. నిలువు పదం పూర్తయి మూడో గడిలో ‘బి’ పడ్డాక డిబారే అని తేలింది. “రెండిటికీ తేడా ఏంటి నాన్నా? తెలుగులో ఏమంటాం?” అని అడిగింది. రెండూ బహిష్కరించడమే అన్నాను, కానీ తృప్తిగా లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
లోపల ఉన్నవాణ్ణి పంపేయడం ఎక్స్‌పెల్ అండీ, లోపలికే రానివ్వకపోవడం డిబార్. పరీక్షల్లో కాపీ కొట్టి ‘డిబార్ అయ్యాడు’ అంటాం కదా, అదే. నాలుగు గళ్ళుంటే ‘ఒమిట్’, అంటే ఊరికే వదిలేయడం.

తొమ్మిది గళ్ళకు ‘ఆస్ట్రసైజ్’ వస్తుంది. దీని మూలం గ్రీకులో ‘ఆస్ట్రకాన్’, అంటే కుండ పెంకు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్ పౌరులు ఊరు దాటించాలనుకున్నవాడి పేరు పెంకు మీద గీకి వేసేవారు. అలా పంపిన మనిషి 10 ఏళ్ళు తిరిగి రాకూడదు, ఆస్తి మాత్రం వాడిదే. ‘బాయ్‌కాట్’ అయితే ఒక మనిషి ఇంటిపేరు. 1880లో ఐర్లాండ్‌లోని మేయో ప్రాంతంలో భూస్వామి తరఫున కౌళ్ళు వసూలు చేసే కెప్టెన్ బాయ్‌కాట్‌కు కూలీలు పనికి రాలేదు, అంగళ్ళవాళ్ళు సరుకు ఇవ్వలేదు.

మనకు వచ్చేసరికి చిక్కంతా ‘బహిష్కరణ’ దగ్గరే. ‘సభను బహిష్కరించారు’ అంటే వీళ్ళే బయటికి వచ్చేశారు. ‘పార్టీ నుంచి బహిష్కరించారు’ అంటే గెంటేశారు. ఒకే మాట రెండు వైపులా పనిచేస్తోంది. ‘మినహాయింపు’ కూడా లెక్కలోంచి తీసేయడమే, కానీ పన్ను మినహాయింపు వస్తే సంతోషిస్తాం! తెలుగు గళ్ళలో గుణింతం, ఒత్తు కలిసి ఒకే గడి కాబట్టి ఈ రెండూ అయిదేసి గళ్ళే. ఆధారం సరిగ్గా ఇవ్వకపోతే పూరించేవాళ్ళకు టెన్షనే.

మరో జవాబు:
‘వెలి’ని మరిచారేం సార్? వెలి అంటే బయట. వెలుపల, వెలువడు అన్నీ దానివే. ‘తీర్పు వెలువడింది’ అన్నా, ‘వెలివేశారు’ అన్నా మూలం ఒకటే. మా అమ్మమ్మ ‘ఎలేసిండ్రు’ అనేది. వాళ్ళ ఊళ్ళో ఒక ఇంటిని ఎలేస్తే బావి నీళ్ళు బంద్, పొయ్యిలోకి నిప్పు ఇచ్చేవాళ్ళు లేరు, మంగలి రాడు, చాకలి రాడు, పెళ్ళికి పిలుపు లేదు. ఆ ఇల్లు మాత్రం ఊరి నడుమనే ఉండేది.

మొదటి జవాబు రాసిన నేను మళ్ళీ:
మీ అమ్మమ్మగారి మాటతో నా జవాబు దిద్దుకోవాల్సి వచ్చిందండీ. వెలి అంటే ఊరు దాటించడమని ఇన్నాళ్ళూ ఆస్ట్రసైజ్ పక్కన పెట్టుకున్నాను. మనిషిని ఊళ్ళోనే ఉంచి చుట్టూ ఉన్నవాళ్ళంతా తప్పుకోవడం కాబట్టి అది బాయ్‌కాట్‌కే దగ్గర. కాకపోతే మేయోలో బలహీనులు బలవంతుడి మీద చేశారు, మన ఊళ్ళల్లో బలవంతులు బలహీనుల మీద చేస్తారు. ‘వెలివాడ’ అన్న మాటలో ఆ బరువంతా ఉంది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి తీసేసిన అయిదుగురు దళిత విద్యార్థులు బయట వేసుకున్న గుడారానికి పెట్టుకున్న పేరు అదే. అక్కడ ‘బహిష్కృతుల శిబిరం’ అని రాసి ఉంటే చదివినవాళ్ళకు గుండెలో అంత గుచ్చుకునేది కాదు.

మీ అమ్మాయికి ఇలా చెప్పండి: డిబార్ అంటే రానివ్వకపోవడం, ఎక్స్‌పెల్ అంటే గెంటేయడం. ‘వెలివేత’కు నాలుగు గళ్ళు, ఆధారం ‘ఊళ్ళో ఉన్నా పొరుగు లేకుండా చేయడం’ అని ఇవ్వమనండి.