థీసిస్ బిబ్లియోగ్రఫీలో వెబ్ అడ్రస్ మొత్తం అచ్చెయ్యాలా, పేరూ తేదీ చాలా?

గోపాల్‌పూర్_గాలి:
అందరికీ నమస్తే. నాది బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, థీసిస్ ఇంగ్లీషు, దాన్లో కొటేషన్లు తెలుగు, అలాగుంది నా పరిస్థితి. టాపిక్ ఏటంటే 1936లో ఒడిశా వేరే ప్రావిన్స్ అయ్యాక గంజాంలో తెలుగు బడులు ఏమయ్యాయని. రాయడం అయిపోయింది, బిబ్లియోగ్రఫీ దగ్గర ఇరుక్కున్నాను. గైడు గారేమో వెబ్ అడ్రస్‌లన్నీ పీకెయ్ అంటన్నారు, చూడ్డానికి చీమల బారుల్లాగున్నాయంట, మార్జిన్ దాటి బయటికెళ్ళిపోతన్నాయంట. ఇంకో మేడమ్ ఏమో అడ్రస్ లేకపోతే ఎగ్జామినర్ ఊరుకోరు, ఒక్కటీ తియ్యొద్దంటన్నారు. లేటెక్స్‌లో (కమాండ్లు రాస్తే పేజీలు పేర్చిపెట్టే సాఫ్ట్‌వేర్) చేస్తన్నాను కాబట్టి ఉంచడమైనా తియ్యడమైనా నాకు పెద్ద పని కాదు, ఏది కరెక్టో చెప్పండి చాలు. తెలుగు వికీపీడియాలో బరంపురం పేజీ అడ్రస్ కాపీ చేసి పేస్ట్ చేస్తే ఊరి పేరొక్కటే 63 క్యారెక్టర్లయింది. ఒక్కో అక్షరానికి, గుణింతానికి, సున్నకి మూడేసి బైట్లు, ఒక్కో బైటుకీ ఒక పర్సెంట్ గుర్తు, దాని పక్కన ఇంకో రెండు. అచ్చేస్తే దాన్నెవరు చదువుతారు?

పర్లాకిమిడి_మాస్టారు:
ఉంచు తల్లీ, ఒక్కటీ తియ్యకు. నీ థీసిస్ బైండు కొట్టించి లైబ్రరీలో పెడతారు, అక్కడ నీలం రంగు అక్షరాల మీద వేలెట్టి నొక్కితే ఏటవుద్ది? కాగితం మీద ఉన్నదే ఉన్నట్టు లెక్క. ఇంకో సంగతి, మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ అని అమెరికాలో భాషా సాహిత్యాల వాళ్ళ సంఘం ఉంది (పొట్టిగా రాస్తే ఎంఎల్ఏ, మన ఎమ్మెల్యేలు కాదు). వాళ్ళు 2009 ఎడిషన్‌లో అడ్రస్ అక్కర్లేదన్నారు, 2016కి వచ్చేసరికి మళ్ళీ పెట్టమన్నారు. అంతటోళ్ళే ఒగ్గేసి మళ్ళీ తెచ్చుకున్నారు కదా.

సిరొంచ_ప్రాణహిత:
మాస్టారూ కోపం చెయ్యకున్రి, నేనైతే ఒప్పుకోను. అడ్రస్ అనేది ఇయ్యాల ఉంటది రేపు పోతది. అమెరికాల సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ వాళ్ళు 2024ల లెక్క తీసిన్రు, 2013ల ఉన్న వెబ్ పేజీలల్ల 38 శాతం పదేండ్లకు దొరుకతలేవు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పులల్ల ఇచ్చిన లింకులు కూడా సగం దాకా అసలు చూపెట్టిన సంగతికి తీస్కపోతలేవని 2014ల హార్వర్డోళ్ళు రాసిన్రు. సుప్రీంకోర్టుకే దిక్కు లేదు, మన థీసిసులకు ఏముంటది చెప్పున్రి. అక్కా, డీఓఐ (పేపర్‌కు ఇచ్చే మారని నంబర్) ఉంటే డీఓఐ పెట్టు, శోధ్‌గంగల (మన దేశపు థీసిసులు పెట్టే సైట్) థీసిస్ అయితే 10603తోని షురూ అయ్యే హ్యాండిల్ నంబర్ ఉంటది, అది గూడ మారనిదే, అది పెట్టు. ఈ రెండూ లేకపోతే రాసినోళ్ళ పేరు, శీర్షిక, తేదీ చాలు. 63 క్యారెక్టర్లు కాగితం చూస్కుంట టైప్ చేసేటోడు పుట్టలే, అందరూ శీర్షికనే గూగుల్‌ల కొడతరు.

రాయగడ_బండి:
అసలు సగం గొడవ పాత టూల్ వల్లే అండి. లేటెక్స్‌కి బిబ్లియోగ్రఫీ పేర్చిపెట్టే బిబ్‌టెక్స్ వచ్చింది 1985లో, అప్పటికి వెబ్బే లేదు, అందుకే దాని పాత స్టైళ్ళకి, అదే ప్లెయిన్, ఆల్ఫా లాంటి వాటికి, యూఆర్ఎల్ అనే ఫీల్డే తెలీదు, మీరు రాసినా ఎర్రర్ ఇవ్వకుండా ఊరికే వదిలేస్తాయి. జనం ఏం చేశారంటే నోట్ ఫీల్డులోనో హౌపబ్లిష్డ్ ఫీల్డులోనో అడ్రస్ దూర్చడం మొదలెట్టారు, ఇప్పటికీ సీనియర్ల ఫైళ్ళు కాపీ కొట్టి అదే చేస్తన్నారు. అది ఇంకో కమాండ్ లోపల ఇరుక్కుంటే పర్సెంట్ గుర్తు తర్వాతదంతా లేటెక్స్ కామెంట్ అనుకుని మింగేస్తది. దాని బదులు వాడే కొత్త టూళ్ళున్నాయి, బిబ్‌లేటెక్స్, బైబర్ అని, వాటికి మారిపోండి, అక్కడ ఆన్‌లైన్ అని ఎంట్రీ టైపే ఉంది, యూఆర్ఎల్‌కి ఒక ఫీల్డు, చూసిన తేదీకి యూఆర్ఎల్‌డేట్ అని ఇంకోటి, పర్సెంట్‌కీ అండర్‌స్కోర్‌కీ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టే తలనొప్పి లేదు. మార్జిన్ దాటుతుందంటారా, ఎక్స్‌యూఆర్ఎల్ ప్యాకేజ్ వెయ్యండి, అడ్రస్ ఏ అక్షరం దగ్గరైనా విరుగుద్ది, మధ్యలో హైఫన్ కూడా చేర్చదు. మార్జిన్ కోసం సోర్సులు తీసేయడం ఏంటండీ బాబూ.

పర్లాకిమిడి_మాస్టారు:
అదీ మాట.

సిరొంచ_ప్రాణహిత:
గది మార్జిన్‌కు జవాబు, నా ప్రశ్నకు కాదు అన్నా. మంచిగ విరిగినా సచ్చిన అడ్రస్ సచ్చినట్టే.

కోరాపుట్_చలి:
శీర్షిక కొడితే దొరుకుద్ది అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఇంగ్లీషు జర్నల్ పేపర్లకి దొరుకుద్ది, మన పాత తెలుగు పుస్తకాలకి దొరకదు. పాత పుస్తకాలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు గుర్తున్నాయా? ఆ సైట్లు మూతపడ్డాయి, అప్పట్లో ఫుట్‌నోట్లలో ఇచ్చిన లింకులు ఇప్పుడు నొక్కితే ఏమీ రాదు. కానీ స్కాన్లు చాలా మటుకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్‌లోకి ఎక్కాయి. అక్కడ పేరు పెట్టి వెతికి చూడండి, తెలుగు పేర్లని ఇంగ్లీషు లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు, ఒకచోట రెండు 'a'లు, ఒకచోట ఒకటే, ఇంకోచోట రచయిత పేరు శీర్షిక గడిలో. పేరుతో గంటలు వెతికినా రాని పుస్తకం నంబరుతో టక్కున వస్తది, ఎందుకంటే పాత సైట్‌లో 2015 స్లాష్ అని మొదలయ్యే నంబరే ఆర్కైవ్ ఐడీ చివర్లో స్లాష్ బదులు చుక్క పెట్టి అలాగే ఉంచారు, బార్‌కోడ్ కూడా వివరాల్లో ఉంటది. అంచేత నా ఓటు అడ్రస్‌కీ కాదు, పేరుకీ కాదు, నంబరుకి.

పర్లాకిమిడి_మాస్టారు:
బావూ, ఆ నంబరు ఎక్కడుందో కూడా చెప్పు. పాత అడ్రస్ చివర్లోనే ఉంది కదేటి! మొత్తం అడ్రస్ అచ్చేసినోడి పుస్తకంలోంచి ఇవాళ ఆ నంబరు ఏరుకోవచ్చు, అందం కోసం తీసేసినోడి దాన్లో ఏటేరుకుంటాం? అడ్రస్ పనిచెయ్యకపోయినా దాన్లో సరుకుంది. పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పోయిన పేజీ వెతకాలన్నా ముందు పాత అడ్రస్సే అడుగుద్ది, సిరొంచ నాయనా, దానికేటంటావు?

సిరొంచ_ప్రాణహిత:
ఆ ముచ్చటకైతే ఒప్పుకుంట మాస్టారూ. డీఓఐ, హ్యాండిల్ లేని వాటికి మొత్తం అడ్రస్ ఉండనియ్యున్రి. డీఓఐ ఉన్నదానికి మళ్ళ పబ్లిషర్ సైట్ అడ్రస్ ఎందుకు, అది మాత్రం డబుల్ పని. ఇంకొకటి అక్కా, జాగా మిగులుతదని పొట్టి లింకులు మాత్రం పెట్టకు. గూగుల్ అసుంటి కంపెనీయే తన పొట్టి లింకులకు 2019ల కొత్తవి ఆపేసింది. పొట్టి లింకు సచ్చిందంటే దాన్లకెల్లి ఏరుకునేందుకు ఏం ఉండది.

గోపాల్‌పూర్_గాలి:
మరి తెలుగు పేజీల 63 క్యారెక్టర్ల సంగతో? పర్సెంట్లు తీసేసి తెలుగు అక్షరాలే కనపడేలా చెయ్యొచ్చా?

రాయగడ_బండి:
చెయ్యొచ్చు కానీ యూఆర్ఎల్ కమాండ్‌లో కాదండి, అది అడ్రస్‌ని లోపల మ్యాథ్ మోడ్‌లో, అంటే లెక్కల సూత్రాలు పేర్చినట్టు, పేరుస్తది, దాన్లో మన ఒత్తులు, గుణింతాలు కుదురుగా కూర్చోవు. పైగా దాని మామూలు ఫాంటు టైప్‌రైటర్ ఫాంటు, అందులో తెలుగే ఉండదు. హెచ్‌రెఫ్ కమాండ్ వాడి లోపల పర్సెంట్ల అడ్రస్, బయటికి మామూలు తెలుగు ఫాంటులో పేజీ పేరు పెట్టండి, తెలుగు పేర్చగలిగే లేటెక్స్ రకాలు జీలేటెక్స్ అయినా లువాలేటెక్స్ అయినా సరే. వికీ పేజీ రోజూ మారుద్ది కాబట్టి పక్కనే శాశ్వత లింకు నంబరు, అదే ఆ రోజు కూర్పు నంబరు, అచ్చెయ్యండి. అది వట్టి అంకెలే, కాగితం చూసి కూడా కొట్టుకోవచ్చు.

గోపాల్‌పూర్_గాలి:
బాగుంది, ఇది గైడు గారికి కూడా నచ్చుద్ది. ఇంకొక్కటి. మాల్ట్‌బీ గారి గంజాం డిస్ట్రిక్ట్ మాన్యువల్ 1882ది, నేను స్కాన్‌లోనే చదివాను. పుస్తకం అని రాయాలా, స్కాన్ అడ్రస్ కూడా ఇవ్వాలా?

సిరొంచ_ప్రాణహిత:
పుస్తకం పుస్తకమే అక్కా. 1882 నుంచి అది మారలే. అడ్రస్ వద్దు.

కోరాపుట్_చలి:
పుస్తకం మారలేదు, స్కాన్లే మారతాయి. ఒక కాపీలో పేజీలు ఎగిరిపోతాయి, ఒకదాన్లో మడత మ్యాపు విప్పకుండానే స్కాన్ చేసుంటారు, ఇంకోదాన్లో పుస్తకం చివర కట్టిన పట్టికలే ఉండవు. మీరు చూసింది ఏ కాపీయో చెప్పకపోతే తర్వాతోళ్ళు వేరే స్కాన్ తెరిచి ఆ పట్టిక లేదే, ఈవిడ ఎక్కణ్ణించి రాసిందని మీ మీదే అనుమానపడతారు. పుస్తకం ఎంట్రీయే పెట్టండి, ప్రచురణ వివరాలన్నీ ఇవ్వండి, చివర్లో ఆర్కైవ్ ఐడీ ఒక్కటి తగిలించండి, బిబ్‌లేటెక్స్‌లో ఈప్రింట్ ఫీల్డు ఉంది దానికి.

పర్లాకిమిడి_మాస్టారు:
కోరాపుట్ మాట వినమ్మా. మా ఊళ్ళో గిడుగు రామమూర్తి గారి సవర పుస్తకాల కోసం వచ్చినోళ్ళు కూడా స్కాన్‌లో చూసి అసలు కాపీ చూసినట్టు రాసేస్తన్నారు. అది తప్పు. చూసింది చూసినట్టు రాయాల.

గోపాల్‌పూర్_గాలి:
సరే మాస్టారూ. సర్కారు వాళ్ళ పేజీలు కొన్ని ఉన్నాయి, అవెప్పుడు పోతాయో తెలీదు గనక వేబ్యాక్‌లో సేవ్ చేసి ఆ అడ్రస్ ఇస్తన్నాను. దాన్లోనే 14 అంకెలున్నాయి కదా, సంవత్సరం నుంచి సెకను దాకా. అలాంటప్పుడు చూసిన తేదీ మళ్ళీ వెయ్యాలా? ఏపీఏ (అమెరికా సైకాలజీ సంఘం) స్టైల్ అయితే మారుతూ ఉండే పేజీలకే చూసిన తేదీ అడుగుద్ది.

రాయగడ_బండి:
అక్కర్లేదండి, అదే తేదీ.

సిరొంచ_ప్రాణహిత:
అవును, తీసెయ్ అక్కా.

పర్లాకిమిడి_మాస్టారు:
ఆగండి ఆగండి. తను స్వయంగా సేవ్ చేసినదానికైతే ఒకటే తేదీ, ఒప్పుకుంటాను. ఎవరో ఎప్పుడో సేవ్ చేసినది ఈ అమ్మాయి ఈ ఏడు చూసిందనుకోండి, ఆ 14 అంకెలు పేజీ తీసిన రోజువి, తను చదివిన రోజువి కావు. అలాంటివి ఎన్నున్నాయో ముందు విడదీసి చూడమ్మా, వాటికి మాత్రం రెండు తేదీలూ వెయ్యి.