యంగ్ లైవ్స్ డేటా: మెర్జ్ చేస్తే వరుసలు పెరిగిపోతున్నాయి, సాయం చేయండి

లెక్చరర్_అనంతపురం:
పొద్దుట్నుంచీ దీంతోనే కుస్తీ, తెమలట్లేదు. సోమవారం మా రీసెర్చ్ స్కాలర్లకు యంగ్ లైవ్స్ (ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూసే సర్వే) డేటా మీద ట్రైనింగ్ ఉంది. స్టేటా (గణాంకాల సాఫ్ట్‌వేర్)లో రెండు ఫైళ్లు మెర్జ్ చేస్తుంటే, అంటే కలుపుతుంటే, వరుసలు పెరుగుతున్నాయి. ఎర్రర్ కూడా రావట్లేదు. ఒక అమ్మాయికి ఐదో రౌండ్ (ఐదో విడత సర్వే) మూడుసార్లు కనిపిస్తోంది! ఇలా చూపిస్తే స్కాలర్లు మొదటి గంటలోనే బెదిరిపోతారు. ఎవరైనా చెప్పండి.

స్టేటా_సాయం:
ఏ ఫైళ్లు? ఏ కమాండ్?

గణాంక_మాస్టారు:
మెర్జ్ సంగతి తర్వాత. ట్రైనింగ్‌లో ముందు శాంపిల్ గురించి చెప్పండి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 20 చోట్లను ఎంచుకున్నది లాటరీ తీసి కాదు, పేద ప్రాంతాలు ఎక్కువ ఉండేలా కావాలనే ఎంచుకున్నారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, మహబూబ్‌నగర్, కరీంనగర్, హైదరాబాద్. అందుకని ‘రాష్ట్రంలో ఇంత శాతం పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు లేరు’ అని దీన్ని పట్టుకుని రాయకూడదు. దానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది. ఏడాది వయసులో చూసిన పిల్లాణ్ణే ఐదేళ్లకు, ఎనిమిదేళ్లకు, పన్నెండుకు, పదిహేనుకు మళ్లీ చూడటం, ఈ డేటా విలువంతా అక్కడుంది. ఏటా ఎవరో ఒకరు దీన్ని రాష్ట్ర సగటుగా థీసిస్‌లో పెట్టేస్తున్నారు, చూస్తుంటే బాధేస్తుంది.

లెక్చరర్_అనంతపురం:
సర్, అది మొదటి స్లైడ్‌లోనే ఉంది. ఫైళ్లు: మొదటి ఐదు రౌండ్లూ కలిపి సర్వేవాళ్లే ఇచ్చిన కన్‌స్ట్రక్టెడ్ ఫైల్, రెండో రౌండ్ కుటుంబ సభ్యుల రోస్టర్ (జాబితా). రెండూ ఇండియావే. చైల్డ్‌ఐడీ (ఒక్కో పిల్లకి ఇచ్చిన గుర్తు) మీద ఎం:ఎం మెర్జ్, అంటే రెండు ఫైళ్లలోనూ ఒకే ఐడీ ఎన్నిసార్లైనా ఉండొచ్చనే పద్ధతి. ఒక్కో ఐడీ ఒక్కసారే ఉండాలనే 1:1 పెడితే ఒప్పుకోవట్లేదు.

స్టేటా_సాయం:
ఆ అమ్మాయి ఇంట్లో రోస్టర్ ప్రకారం ఏడుగురా?

లెక్చరర్_అనంతపురం:
అవునండీ, ఏడుగురే. ఎలా తెలిసింది?

స్టేటా_సాయం:
కన్‌స్ట్రక్టెడ్ ఫైల్‌లో ఒక వరుస అంటే ఒక పిల్ల, ఒక రౌండ్. రోస్టర్‌లో ఒక వరుస అంటే ఇంట్లో ఒక మనిషి. ఎం:ఎం వాటిని వరసపెట్టి జత కడుతుంది. మొదటి రౌండ్ పక్కన మొదటి మనిషి, రెండో రౌండ్ పక్కన రెండో మనిషి, అలా. రౌండ్లు ఐదే, మనుషులు ఏడుగురు. చివరి రౌండ్‌నే ఆరో మనిషికీ ఏడో మనిషికీ కూడా తగిలించింది. అందుకే మూడుసార్లు. వరుసలు పెరగని ఇళ్లలోనూ జతలు తప్పే. ఎం:ఎం వాడొద్దని స్టేటా మాన్యువలే చెబుతుంది.

చిన్న కోహార్ట్ (ఏడాది వయసు నుంచి చూసిన పిల్లల గుంపు) 2,011 మంది, పెద్ద కోహార్ట్ (వాళ్లకంటే పెద్ద పిల్లల గుంపు) 1,008 మంది, ఐదు రౌండ్లకు 15,095 వరుసలు. అది దాటిందంటే అక్కడే ఆగండి.

పీహెచ్‌డీ_విశాఖ:
మేడం, రోస్టర్‌లోంచి మీకు కావలసింది అమ్మానాన్నల చదువు, ఇంట్లో ఎంతమంది అనేవేనా? అవి కన్‌స్ట్రక్టెడ్ ఫైల్‌లోనే ఉన్నాయి, మెర్జ్ అక్కర్లేదు. అన్నదమ్ముల వయసుల్లాంటివి కావాలంటే ముందు రోస్టర్‌ని పిల్లకో వరుసగా కుదించి, రౌండ్ = 2 అని రాసి, చైల్డ్‌ఐడీ, రౌండ్ రెండిటి మీదా 1:1 చేయండి. ఇంకోటి, ఏదో ఒక రౌండ్‌లో లేని పిల్లల్ని నేనైతే ముందే తీసేస్తాను. అట్రిషన్ (పిల్లలు సర్వేలోంచి జారిపోవడం) గొడవ ఉండదు.

గణాంక_మాస్టారు:
అది అట్రిషన్ కాదు బాబూ. మూడో రౌండ్‌లో దొరక్క నాలుగులో మళ్లీ దొరికిన పిల్ల సర్వేలోంచి పోయినట్టు కాదు. ఆ రౌండ్‌లో పిల్ల ఉందా లేదా అని చెప్పే ఇన్‌రౌండ్ అనే వేరియబుల్ పెట్టిందే అందుకు. ఊరొదిలి వలస వెళ్లిన కుటుంబాలనే ముందు తీసేస్తే ఇక మిగిలేదెవరు?

పీహెచ్‌డీ_విశాఖ:
మా గైడ్ రెండిటినీ అట్రిషన్ అనే అంటారు సర్. పేపర్లలోనూ చూశాను.

గణాంక_మాస్టారు:
పేపర్లలో ఉంటే ఒప్పయిపోదు. ఎవరు పోయారు, ఎవరు తిరిగొచ్చారు అని రెండు పట్టికలు వేయించండి. స్కాలర్లకు అదే అర్థమవుతుంది.

సర్వే_మనిషి:
నేను ఊళ్లలో ఇలాంటి సర్వేలు చేసినవాణ్ణి. ట్రైనింగ్‌లో మీ జిల్లా స్కాలర్లు తప్పకుండా అడుగుతారు, ‘మా ఊరు ఇందులో ఉందా?’ అని. ఊరి పేర్లు దాచిపెట్టే డేటా ఇచ్చారు. ఇంటి సైజు, కులం, పొలం కలిపి చూసి ఎవరో కనిపెట్టే ప్రయత్నం సరదాకి కూడా చేయనివ్వొద్దు. ఆ తల్లులు గడపలో కూర్చోబెట్టి అప్పులు, జబ్బులు అన్నీ చెప్పింది పేరు బయటికి రాదన్న మాట మీద. అలాగే డేటాలో ఉన్నవి పాత జిల్లాలు. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో విడగొట్టిన కొత్త జిల్లాల మ్యాపు మీద వీటిని అతికించకండి.

లెక్చరర్_అనంతపురం:
రోస్టర్ కుదించాను, రౌండ్ కూడా కలిపాను. 15,095 దగ్గర ఆగింది. ఊరి పేర్ల సంగతి స్లైడ్‌లో చేరుస్తున్నా. థాంక్సండి అందరికీ.

పీహెచ్‌డీ_విశాఖ:
మేడం, ఆ డూ-ఫైల్ (కమాండ్లు రాసిన ఫైల్) ఇక్కడ పెడతారా? అలాగే బొమ్మలు చూపించి మాటలు అడిగే పీపీవీటీ పరీక్ష మార్కులు రెండో రౌండ్‌కీ మూడో రౌండ్‌కీ నేరుగా పోల్చవచ్చా? మాస్టారూ, మీరైనా చెప్పండి.